ముందు వరుసలోని ఏడు కుర్చీలు

కోపం తగ్గాక రాయమని సిస్టర్ చెప్పింది. రెండేళ్లు ఆగాను. తగ్గలేదు. ఇక ఆగడం దండగనిపించి ఇప్పుడు రాస్తున్నాను. సైకాలజీ చదువుతున్నవాళ్లు, సర్వేలకూ పరిశోధనలకూ లెక్కలు కట్టే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు, ఇది మీ కోసం. కోపం ఎవరెవరి మీద ఎంతెంత పడాలో చదివాక మీరే పంచండి. నా వాటా నేను ముందే తీసి పక్కన పెట్టుకున్నాను.

నేను డిగ్రీ చదివినవాణ్ణి కాను. ఇంటర్ రెండో ఏడు ఇంగ్లీషులో తప్పి, బల్కంపేటలోని మా ఇంటికి దగ్గరని అమీర్‌పేటలో ఒక జిరాక్స్ షాపులో చేరాను. కోచింగ్ సెంటర్ల మెటీరియల్ కాపీలు తీయడం పని. సరిగా పడని కాపీల్లో స్టాటిస్టిక్స్ పేజీలు ఉంటే చెత్తబుట్టలో వేయకుండా ఇంటికి తీసుకెళ్లేవాణ్ణి. సగటు తీయడం, రెండు వరుసల మధ్య సంబంధం కొలవడం, అన్నీ ఆ మసిబారిన కాగితాల మీద నేర్చుకున్నవే. మధ్యలో పేజీలు లేనిచోట అక్కడ ఏముండాలో నేనే కట్టి చూసుకుని, తర్వాత ఎప్పుడో అసలు పుస్తకం దొరికితే సరిపోల్చుకునేవాణ్ణి. చాలాసార్లు సరిపోయేది. ఆ గర్వం ఒకటి నాకు మొదటినుంచీ ఉంది. ఇది గుర్తుంచుకోండి.

మేడం ఆ షాపుకే వచ్చారు. పంజాగుట్టలో మూడో అంతస్తులో రెండు గదుల క్లినిక్ ఆమెది. ఒక ఫారం ఇచ్చి అరవై కాపీలు కావాలన్నారు. తీస్తూ తీస్తూ చూశాను.

"మేడం, ఇందుల పన్నెండు పరీక్షలున్నయి. కింద మొత్తం మాత్రం పదకొండుకే వేసిన్రు."

ఆమె కళ్లద్దాలు సర్దుకుని చూశారు. "ఏడాదినుంచీ వాడుతున్నానండీ ఈ కాగితం. ఒక్కరూ చెప్పలేదు."

"ఎవరూ కూడలేదేమో మేడం."

ఆమె నవ్వారు. మరుసటి నెల నుంచి నేను ఆమె దగ్గర పనిలో ఉన్నాను. తొమ్మిదేళ్లు చేశాను.

మేడం చదివింది హిప్నాసిస్ గురించి. ఆమెది గుంటూరు వైపు. చిన్న వయసులో ఒక ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డులో పనిచేశారట. అక్కడ ఒకావిడకు కట్టు మార్చేటప్పుడు పెద్ద డాక్టరు పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడుతుంటే ఆవిడ చేయి కూడా కదపకుండా పడుకుంది. అదే డాక్టరు, అవే మాటలు, పక్క మంచం మీది మనిషి దగ్గర ఏమీ పనిచేయలేదు. ఆమె అరుపులు కింది అంతస్తుకు వినపడ్డాయి. "ఈవిడకి పనిచేసింది, ఆవిడకి ఎందుకు పనిచేయలేదు? నా జీవితమంతా ఈ ఒక్క ప్రశ్నేనండీ" అనేవారు మేడం.

ఆ ప్రశ్న పట్టుకున్నందుకు ఆమె రెండు వైపులా దెబ్బలు తిన్నారు. కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో తోటి ప్రొఫెసర్లు అదంతా నాటకం అన్నారు, ఏమీ అనుభవించకుండానే జనం యాక్ట్ చేస్తారన్నారు. చుట్టాలేమో వశీకరణం అన్నారు. ఒక పెళ్లిలో పెళ్లికూతురి మేనత్త వచ్చి, "అమ్మాయి కళ్లలోకి చూడకమ్మా" అని చెప్పి పోయిందట. క్లినిక్ బయట బోర్డు మీద ఆమె హిప్నాసిస్ అన్న మాట ఎప్పుడూ రాయించలేదు. రాయిస్తే వచ్చేవాళ్లలో సగం మంది అత్తగారిని మార్చమని అడుగుతారు అనేవారు.

మా పని ఇలా ఉండేది. మనిషిని వాలు కుర్చీలో కూర్చోబెట్టి మేడం మాట్లాడతారు. నేను పక్కన స్టాప్‌వాచీ, స్కేలు పట్టుకుని ఉంటాను. చేయి బరువెక్కుతోంది అంటే ఎంతసేపట్లో ఎంత కిందికి దిగింది, గదిలో లేని ఈగను తోలుకున్నాడా లేదా, చిన్నప్పటి తరగతి గదిలో ఉన్నావు అంటే ఏం మాట్లాడాడు. ఇలాంటివి పన్నెండు. జరిగితే ఒకటి, జరగకపోతే సున్న. చివర్న మొత్తం. కొందరికి రెండు వస్తాయి, చాలామందికి మధ్యలో ఎక్కడో వస్తుంది, అరుదుగా ఒకరికి పది, పదకొండు. ఎక్కువ రావడం బలహీనత కాదు, తక్కువ రావడం గట్టితనం కాదు. మనిషి ఎత్తు లాంటిది, అంతే. మొదలుపెట్టే ముందు మేడం ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్పేవారు. "మీ సంఖ్య మీకు తప్ప ఎవరికీ చెప్పం."

సిస్టర్ అన్నానే, ఆమె మా క్లినిక్‌లో మూడో మనిషి. నర్సుగా పనిచేసి మానేసిన క్రైస్తవురాలు. వచ్చేవాళ్లతో ముందు ఆమె మాట్లాడి భయం తీసేది. చర్చిలో వాళ్లు, "అది దయ్యాల పని కాదు గదా సిస్టర్" అని అడిగితే, "దయ్యమైతే పొద్దుగాల తొమ్మిదింటికే వచ్చి ఫైళ్లు తుడుస్తదా?" అందట.

క్లినిక్‌కు వచ్చే కొద్దిమందితో పరిశోధన సాగదు. మనుషులు కావాలి. అప్పుడే అమీర్‌పేటలోని ఒక కోచింగ్ సెంటర్ డైరెక్టర్ తారసపడ్డాడు. సాఫ్ట్‌వేర్ కోర్సులు నడిపేవాడు. అంతకుముందు కృష్ణానగర్‌లో ఉంటూ సినిమాలకు డబ్బింగ్ చెప్పేవాడట. గొంతు మాత్రం, చెప్పక తప్పదు, అద్భుతం. మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే క్లాసు గది ఇస్తాను, ఇష్టమైన విద్యార్థులను పంపుతాను, బదులుగా ఒకసారి వచ్చి పరీక్ష భయం మీద మాట్లాడండి అన్నాడు. మేడం ఒప్పుకున్నారు. సిస్టర్ ఒప్పుకోలేదు. "గొంతు మంచిగుంది మేడం. ఆ గొంతుతోనే తింటడు, జర చూసుకోండి" అంది.

మూడు నెలలు పరీక్షలు చేశాం. మొదటివాడిగా డైరెక్టరే కూర్చున్నాడు, మేడం ఏ మాట తర్వాత ఏ మాట అంటారో అతనికి అప్పుడే పట్టుబడింది. ఆ వచ్చినవాళ్లలో ఒకమ్మాయి ఉంది. కరీంనగర్ దగ్గరి పల్లె, ఇక్కడ లేడీస్ హాస్టల్‌లో ఉండి కోర్సు చేస్తోంది. చేయి బరువు, ఈగ, అన్నీ ఒకటి తర్వాత ఒకటి జరిగాయి. ఆఖరిదైన చిన్నప్పటి తరగతి గది దగ్గరికి రాగానే ఆ పిల్ల ముఖం మారింది. అయిదో తరగతిలో ఉండగా ఒకరోజు బడి నుంచి ఇంటికొచ్చేసరికి వాళ్ల నాన్న చనిపోయి ఉన్నాడు. మేడం వెంటనే ఆపేశారు. మెల్లగా బయటికి తెచ్చి, నీళ్లు తాగించి, అరగంట కూర్చుని మాట్లాడి పంపారు. ఆ కాగితం మీద చివరి గడిలో, వివరాల గడిలో, ఎర్ర సిరాతో రాశారు: "ఈ పరీక్ష ఈమెకు మళ్లీ చేయరాదు."

ఇక నా తప్పు. మేడం నాతో స్పష్టంగా చెప్పారు, "జాబితాలో పేర్లు వద్దండీ. కొత్త నంబర్లు మీరే వేయండి" అని. నేను పేర్లు తీసేశాను. కొత్త నంబర్లు వేయలేదు. కోచింగ్ సెంటర్ వాళ్ల రోల్ నంబర్లే ఉంచాను. బద్ధకం వల్ల కాదు. ఒక మనిషికి రెండు నంబర్లుంటే ఒకదాని నుంచి ఒకదానికి ఎక్కించేటప్పుడు తప్పు దొర్లుతుంది. అంకెలు తారుమారు కావడం నాకు పాపంతో సమానం. ఆ జాగ్రత్తే కొంప ముంచింది. పేరు లేదు కదా అనుకున్నానే గానీ, ఆ రోల్ నంబరు పక్కన పేరున్న హాజరు పట్టీ డైరెక్టర్ బల్ల సొరుగులోనే ఉంటుందని తట్టలేదు.

ఒకరోజు అతను నా భుజం మీద చేయి వేశాడు. "స్టాటిస్టిక్స్ సార్, మీ టేబుల్ ఒక్కసారి చూపియ్యరాదు. ఎవరెవరిది అయిపోయిందో తెలిస్తే మిగిలినోళ్లకు హాలు టైం సెట్ చేస్త."

నన్ను సార్ అన్నవాళ్లు అప్పటిదాకా లేరు. అది కూడా స్టాటిస్టిక్స్ సార్. ఆ రోజే నేను పట్టికను మొత్తాల ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు, అందంగా పేర్చి ఉన్నాను. అదే ప్రింట్ తీసి ఇచ్చాను. వివరాల గడి కాగితం వెడల్పులో పట్టలేదు. తీసేశాను. అందులో అంకెలేమీ లేవు కదా అనుకున్నాను.

అమీర్‌పేటలో డెమో చూడకుండా ఎవరూ ఏ కోర్సులోనూ చేరరు. మొదటి క్లాసు ఉచితం, నచ్చితే చేరతారు, లేకపోతే పక్క మెట్లెక్కి ఇంకో డెమో చూస్తారు. మేడం పరీక్ష భయం మీద మాట్లాడాల్సిన శనివారం మేమిద్దరం వెళ్లేసరికి హాలు బయట పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. హిప్నాటిజంతో జ్ఞాపకశక్తి అట, కొత్త కోర్సు. ముఖ్య అతిథిగా మేడం ఫోటో. ఆమె అక్కడే ఆగిపోయారు. "ఇదేంటండీ?" అన్నారు నాతో. నాకూ తెలియదు. లోపలికి వెళ్లి ఆపించాలని వెళ్లాం. అప్పటికే మొదలైపోయింది.

హాలు నిండా జనం. కొత్తగా వచ్చినవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు, పాత విద్యార్థులు. స్టేజీ ముందు ఏడు ఖాళీ కుర్చీలు. డైరెక్టర్ చేతిలో స్టీలు గిన్నె, నిండా చీటీలు.

"హాల్లో ఉన్న పాత విద్యార్థులందరి నంబర్లూ ఇందులో ఉన్నాయి. నేను ఎవరినీ ఎంచుకోవడం లేదు. ఎవరిని పిలవాలో ఈ గిన్నె చెబుతుంది" అన్నాడు, డబ్బింగ్ గొంతుతో.

రెండొందల పద్నాలుగు. ఎనభై ఏడు. మూడో చీటీ తీసి చదివేసరికి నాకు తెలిసిపోయింది. అవి నా పట్టికలోని మొదటి మూడు వరుసలు. నాలుగోది నాకు ముందే తెలుసు. అయిదోదీ తెలుసు. కనీసం వరుసైనా మార్చలేదు ఆ మహానుభావుడు. అంత మందిలోంచి ఆ ఏడుగురే, అదే క్రమంలో రావడానికి అవకాశం ఎంతో కట్టడానికి కాగితం అక్కర్లేదు. మోసానికి కూడా కాస్త శ్రమ పడాలన్న మర్యాద లేదు. ఇప్పటికీ నాకు ఒళ్లు మండేది అందుకే.

మూడో నంబరు ఆ కరీంనగర్ పిల్లది.

మేడం నా వైపు తిరిగి ఏదో అడగబోయేలోపే అతను ఏడుగురి చేత కళ్లు మూయించాడు. చేతులు లేచాయి, దిగాయి. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడతను ఆ పిల్ల దగ్గరికి వెళ్లి మైకు పెట్టి, "ఇప్పుడు నువ్వు చిన్నపిల్లవి, బడిలో ఉన్నావు. బడి వదిలారు. ఇంటికి వచ్చావు. ఏం కనిపిస్తోంది?" అన్నాడు.

"బాపు లేస్తలేడు" అంది ఆ పిల్ల. చిన్నపిల్ల గొంతు. "అమ్మా, బాపు ఎంత లేపినా లేస్తలేడు."

ఫోన్లు పైకి లేచాయి. ఎన్నో లెక్కపెట్టలేదు. లెక్కపెట్టలేకపోయిన సందర్భం నా జీవితంలో అదొక్కటే.

అరవై దాటిన మేడం కుర్చీల మధ్య నుంచి దారి చేసుకుని స్టేజీ ముందుకు వెళ్లారు. మైకు అతని చేతిలోంచి లాగి కింద పెట్టారు. ఆ పిల్ల కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని చెవికి మాత్రమే వినపడేలా మాట్లాడారు. ఆ పిల్ల కళ్లు తెరవడానికి గోడ గడియారంలో పదకొండు నిమిషాలు పట్టింది. అంతసేపూ ఫోన్లు దిగలేదు.

ఆఫీసు గదిలో డైరెక్టర్ చల్లగా ఉన్నాడు. "మేడం, హాలంత ఏడ్చింది. మీరు ఇన్నేండ్లు చేసిండ్రు గని ఇసొంటి రిజల్ట్ వచ్చిందా?"

"రిజల్టా? ఆ పిల్లకి ఇది చేయకూడదని నేను రాసి పెట్టాను. మీకు తెలుసా అసలు?"

"నాకు వచ్చిన లిస్టుల గట్లేం లేదు."

మేడం నెమ్మదిగా అడిగారు. "లిస్టేంటండీ? ఎక్కడిది?"

అతను నా వైపు చూసి నవ్వాడు. నేనే చెప్పాను. "నేనే ఇచ్చిన మేడం."

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా మెట్రో పిల్లర్ల పక్కన నడిచి వచ్చాం. ఆమె నాకంటే నాలుగడుగులు ముందే నడిచారు. తిడతారేమోనని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఏడుపును కత్తిరించి నిమిషం వీడియో చేసి డైరెక్టర్ తన కోర్సుకు ప్రకటనగా పెట్టుకున్నాడు. అది తిరగని ఫోను లేదు. పది రోజులకు ఆ పిల్ల క్లినిక్‌కు వచ్చింది.

"హాస్టల్ల నన్ను 'బాపు లేస్తలేడు' అనే పిలుస్తున్రు మేడం. నిన్న ఇంటర్వ్యూకు పోతే ఆడ సుత ఒకాయన, ఆ వీడియోల ఉన్నది నువ్వేనా అన్నడు. మా అమ్మ ఇంకా చూడలేదు. చూడకముందే తీపియ్యండి. నాకు ఇంకేం వద్దు."

మేడం మూడుసార్లు వెళ్లి అడిగారు. అడ్మిషన్ ఫారంలో ఫోటోలు, వీడియోలు వాడుకోవచ్చని ఆ పిల్ల సంతకం చేసిందట. అదే కాగితం మూడుసార్లూ చూపించాడు. సిస్టర్ వాళ్ల చర్చిలోని లాయరు నోటీసు పంపుదాం, కొన్ని నెలలు పడుతుంది అన్నాడు. ఆ పిల్ల తల్లి ఫోనుకు వీడియో చేరడానికి నెలలు పట్టదు.

ఈలోగా ప్రతి శనివారం డెమో నడుస్తూనే ఉంది. అదే గిన్నె, అవే నంబర్లు. ఆ పిల్ల స్థానంలో నా పట్టికలోని ఎనిమిదో వరుసను చివర కలిపాడు, అంతే. పాత విద్యార్థి ఒకరిని అడిగి ఆ సంగతి తెలుసుకున్నాను. మేడంకు చెప్పకుండా ఆ శనివారం వెళ్లి హాలు మధ్యలో కూర్చున్నాను.

అతను గిన్నెలో చేయి పెట్టాడు. నేను లేచి నిలబడి చీటీ విప్పకముందే అన్నాను. "రెండొందల పద్నాలుగు."

అతను ఆగాడు. వేళ్ల సందున ముందే దాచుకున్న చీటీ అదే, విప్పాక జనానికి తిప్పి చూపాలి, చదవక తప్పలేదు. "రెండొందల పద్నాలుగు."

"ఎనభై ఏడు" అన్నాను, రెండోసారి అతని చేయి గిన్నెలో ఉండగానే.

మూడోదానికి హాలు నవ్వడం మొదలుపెట్టింది. నాలుగోదానికి వెనక నుంచి ఎవరో, "కాకా, జర లాటరీ నంబర్ సుత చెప్పరాదె" అన్నారు. అయిదోది అతను చదవలేదు. గిన్నె బల్ల మీద పెట్టేశాడు. ఆ గొంతు తడబడటం నేను విన్నాను. ఎంత సంతోషించానో దాచుకోను.

అప్పటికే ముందు కుర్చీలోకి వచ్చి కూర్చున్న రెండొందల పద్నాలుగో నంబరు కుర్రాడు లేచి నా వైపు తిరిగాడు. "అన్నా, మేం యాక్టింగ్ చేస్తలేం. నా చెయ్యి నిజంగనే లేస్తలేకుండె. నీ ముంగటనే గదా పరీక్ష చేసిన్రు." ఎవరూ వినలేదు. "ఊకో, నీకెంత ఇచ్చిండు?" అని పక్కనుంచి ఒకరన్నారు. నేను కూడా వినలేదు. సాయంత్రానికల్లా డైరెక్టర్ వీడియో తీసేశాడు. ఈ గొడవ మీద ఇంకో గొడవ అతనికి అక్కర్లేదు.

సోమవారం గొప్పగా క్లినిక్‌కు వెళ్లాను. మేడంకు అప్పటికే తెలిసింది.

"మీ సంఖ్య ఎవరికీ చెప్పం అని ఆ పిల్లలకి మాటిచ్చాం. మీరు రెండోసారి అదే జాబితా బయటపెట్టారు. ఈసారి మైకు కూడా అక్కర్లేకుండా."

"వాని మోసం బయటపెట్టనీకే మేడం."

"మోసం చీటీల్లో ఉందండీ. ఆ పిల్లల్లో లేదు. మీరు రెండింటినీ కలిపి కొట్టేశారు. ఇది నాటకం కాదని ముప్పై ఏళ్లు చెప్పుకుంటూ వచ్చాను నేను. ఆ హాల్లో ఉన్నవాళ్లంతా ఏమనుకుంటూ ఇంటికెళ్లారో తెలుసా? ఇదంతా నాటకమేనని."

ఆ నెలాఖరుకు మానేయమన్నారు. పరిశోధన కూడా ఆపేశారు. మాట తప్పిన కాగితాల మీద నిలబడే లెక్క తనకొద్దన్నారు. ఎవరి కాగితం వాళ్లకు ఇచ్చేయమని సిస్టర్‌తో చెప్పారు. కార్బన్ కాపీలు కూడా ఉంచుకోలేదు.

డైరెక్టర్‌కు ఏమైందని మీరడుగుతారు. ఏమీ కాలేదు. కోర్సు పేరు మార్చాడు. గిన్నె తీసేసి కంప్యూటర్ పెట్టాడు. ఇప్పుడు తెర మీద నంబర్లు గిర్రున తిరిగి ఆగుతాయి, జనం ఇంకా ఎక్కువ నమ్ముతారు. ఇంకో బ్రాంచి కూడా తెరిచాడు. పక్క మంచం మనిషికి ఎందుకు పనిచేయలేదని జీవితమంతా అడిగిన మనిషి దగ్గర ఒక్క కాగితం మిగల్లేదు. ఆ ప్రశ్నే తెలియనివాడి దగ్గర రెండు హాళ్లున్నాయి. నాకు కోపం తగ్గాలట.

మీకు చెప్పేది ఒక్కటే. అంకెలు లేని గడి పట్టడం లేదంటే కాగితం మార్చండి, గడి తీయకండి. ఇంకేదో కూడా చెప్పాలనుకున్నాను గానీ అది పాఠంగా చెప్పడం నాకు చేతకాదు. జరిగింది చెబుతాను.

క్లినిక్‌లో నా ఆఖరి రోజు ఆ పిల్ల తన కాగితం తీసుకోవడానికి వచ్చింది. సిస్టర్ కవరు చేతికిస్తూ, "వీడియో పోయింది గదా బిడ్డా, ఇగ ఫికర్ లేదు" అంది.

"పోయింది సిస్టర్. అమ్మ చూడలే." ఆ పిల్ల కవరు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. "గని హాస్టల్ల ఇప్పుడు వేరే ముచ్చట నడుస్తుంది. చీటీలన్నీ ముందే రాసి పెట్టినయట గదా, నువ్వు సుత వాళ్ల మనిషివేనా, గంత మంచిగ ఎట్ల ఏడ్చినవ్ అని అడుగుతున్రు."

మేడం లోపలి గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"మొదలు నవ్విన్రు మేడం. నవ్వనియ్. మా బాపు కోసం ఏడ్చిన అని అప్పుడన్న వాళ్లకు తెలిసుండె. ఇప్పుడు ఆ ఏడుపు సుత నాది కాదంటున్రు."

"నంబర్లు చెప్పింది నేనేనమ్మా" అన్నాను.

"తెలుసన్నా. నువ్వు నా కోసమే చెప్పినవ్." ఆ పిల్ల గొంతులో కోపం ఎంత వెతికినా దొరకలేదు.

మేడం వాలు కుర్చీ వద్దని చెక్క కుర్చీ ఒకటి ముందుకు లాగి, "కూర్చోమ్మా. మీ నాన్న ఎలా ఉండేవారో చెప్పు" అన్నారు. తర్వాత నా వైపు చూశారు. "మీరు బయట ఉండండి."

నేను స్టాప్‌వాచీ, స్కేలు బల్ల మీద పెట్టి, బయటికొచ్చి తలుపు దగ్గరికి వేశాను.